మొదలంటా కొట్టిన ఎర్రకొమ్మలు

మొన్న శనివారం కూరగాయల కోసం షాపుకు వెళ్తే, గుమ్మం పక్కన బకెట్లలో ఎర్రటి పుల్లలు కట్టలు కట్టి పెట్టారు. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడి వాళ్ళు వాకిట్లో కుండీలు పెట్టి, వాటిలో దేవదారు రెమ్మలూ పైన్ కాయలూ సర్ది, మధ్యలో ఈ ఎర్రపుల్లలు గుచ్చుతారు. వాటికి ఆకు లేదు, పువ్వు లేదు, వాసన అసలే లేదు. కట్టకు వేలాడుతున్న చీటీ మీద ‘డాగ్‌వుడ్’ అని రాసి ఉంది. దాని కింద ధర చూసి ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. బండి తోసుకుంటూ పోతున్న ఎవరో ఆగి, ఈవిడకేమైందా అన్నట్టు చూసి వెళ్ళారు. ఇవే పుల్లలు ఒకప్పుడు మా పక్కింటి ముందు గుట్టగా పడి ఉంటే చూసి నేను గుండెలు బాదుకున్నాను. బాదుకోవడంతో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం నాకింత బరువయ్యేది కాదు. నోరు కూడా చేసుకున్నాను.

మేం నగరం శివార్లలో ఉన్న ఏజాక్స్‌లో ఈ ఇల్లు కొనుక్కుని ఇరవై ఏళ్ళు దాటింది. అంతకు ముందు నగరంలోనే, నార్త్ యార్క్‌లో పదిహేడో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. అక్కడ నా వ్యవసాయమంతా బాల్కనీలో ఒక కరివేపాకు మొక్క. అది ఏటా చలికాలంలో చచ్చిపోయి, ఏటా వేసవిలో నా చేత కొత్తది కొనిపించుకునేది. మా పుట్టిల్లు తెనాలి పక్కన. కృష్ణ కాలువ నీళ్ళు పారే నేల. ‘మా వైపు పుల్ల గుచ్చితే చాలు, చిగురేస్తుంది’ అని ఆఫీసులో, పార్టీల్లో, ఎక్కడ పడితే అక్కడ గొప్పలు పోయేదాన్ని. నిజం చెప్పాలంటే పుట్టి బుద్ధెరిగాక నేను స్వయంగా ఒక్క పుల్ల కూడా గుచ్చలేదు. మా ఆయన ఈ మాట సమయం దొరికినప్పుడల్లా నలుగురిలో ఎత్తేవాడు. ఇప్పటికీ ఎత్తుతాడు.

డాగ్‌వుడ్ అనేదొకటి ఉందని నాకు చెప్పింది మా పక్కింటి పెద్దాయన. పేరు పెట్టి పిలవమని ఆయన ఎన్నిసార్లు చెప్పినా మాకు నోరు రాలేదు. ఎదురుగా ‘సర్’, ఇంట్లో ‘పెద్దాయన’. ఆరడుగుల మనిషి, ప్యాంటు జారకుండా భుజాల మీద పట్టీలు, చెవిలో మిషను. చిన్నప్పుడు బట్టల మిల్లులో, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు డ్రైవరుగా పనిచేశాడట. మా డ్రైవ్‌వేకీ వాళ్ళ డ్రైవ్‌వేకీ నడుమ ఆయన పెంచుకున్న డాగ్‌వుడ్ కంచె ఉండేది, పన్నెండు దుబ్బులు. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు, బుల్డోజర్ రాబోతోందని తెలిసి, ముందు రోజు పారతో వెళ్ళి రోడ్డు పక్క కాలువలోంచి తవ్వి తెచ్చుకున్నాడట. ఆ సంగతి కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ బుల్డోజరు ఇంకాస్త దగ్గరికి వచ్చేది.

ఆ కంచె ఏడాది పొడుగునా ఏదో ఒక వేషం వేసేది. వసంతం చివర తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా, పళ్ళెంలా చదునుగా పూసేవి. అవి రాలాక ఉడికిన సగ్గుబియ్యం లాంటి తెల్లకాయలు. వాటి కోసం పిట్టలు పొద్దున్నే వచ్చి కొట్లాడుకునేవి. ఆకురాలే కాలంలో ఆకంతా వంకాయ రంగుకు తిరిగేది. ఆకులన్నీ పోయి మంచు పడ్డాక అసలు వేషం బయటపడేది: లోకమంతా తెల్లగా, ఆ కొమ్మలొక్కటే పారాణి పూసుకున్నట్టు ఎర్రగా. పెద్దాయన ఒక ఎండాకాలం సాయంత్రం నన్ను పిలిచి, ఒక ఆకు తుంచి, అడ్డంగా మెల్లగా చింపాడు. రెండు ముక్కలూ విడిపోలేదు. సాలెపోగు కన్నా సన్నని తెల్లని దారాలు పట్టుకుని కింది ముక్క వేలాడుతోంది. ఏ డాగ్‌వుడ్ అయినా ఇంతే, గుర్తుపట్టాలంటే ఇదే పరీక్ష అన్నాడు. ఈనెలు కూడా ఆకు అంచుకు పోయి ఆగిపోకుండా కొన వైపు వంగి నడుస్తాయని చూపించాడు. ఆయన కూతురు ఉండే బ్రిటిష్ కొలంబియాలో ఇదే జాతిది పెద్ద చెట్టట, దాని పువ్వు ఆ రాష్ట్రానికి గుర్తట. దాని ఫోటో చూపించి, ఈ తెల్ల రేకులు రేకులు కావు, ఆకులే అలా మారాయి, అసలు పువ్వు మధ్యలో ఉన్న ఆ బొత్తామంత ముద్దే అన్నాడు. మా కాగితం పూలూ అంతేనని నేనన్నాను. కాగితం పూలంటే ఏమిటో ఆయనకు చెప్పడానికి అరగంట పట్టింది. పెద్దచెట్టు కర్ర ఎంత గట్టిదో చూడమని లోపల్నించి ఒక పాత మగ్గం నాడె, పడుగు మధ్య పేక దారాన్ని అటూ ఇటూ నడిపే కర్రముక్క, తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన పనిచేసిన మిల్లులోది. వేల మైళ్ళు దారాన్ని మోసి, అరిగీ అరక్కుండా అద్దంలా నున్నగా ఉంది.

ఇక మా బేస్‌మెంట్లో అద్దెకు దిగిన కింది అమ్మాయి. కరోనా గొడవ కాస్త సద్దుమణిగి, విమానాలకు విమానాలు విద్యార్థులు దిగుతున్న రోజులవి. గుడికి వెళ్తే పిల్లలు, బస్టాపులో పిల్లలు, కాఫీ షాపు కౌంటర్ వెనక మన పిల్లలు. ‘ఆంటీ, మీ దగ్గర రూమ్ ఏమన్నా ఉందా?’ అన్నది ఆ రోజుల్లో నమస్కారానికి బదులు వాడే మాట. ఒక్కో బేస్‌మెంట్లో ఆరుగురేసి పరుపులు పరుచుకున్నారని వింటూండేవాళ్ళం. మా అమ్మాయి ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళిపోవడంతో మా బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది. గుడిలో ఎవరో చెప్పగా ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా, పొట్టిగా, వంటి మీద చలికోటు తనకన్నా పెద్దది. ఊరు మడకశిర దగ్గరట. వాళ్ళ నాన్నకు రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగులు పెంచుతారు. ఇక్కడ కాలేజీలో ఏదో సప్లై చైన్ కోర్సు, సాయంత్రాలు కాఫీ షాపులో పని. చేరిన రోజే వీడియో కాల్ పెట్టి వాళ్ళ నాన్నతో మాట్లాడించింది. తలపాగా తీసి చేతిలో పట్టుకుని మాట్లాడాడాయన. “బిడ్డను మీ చేతిలో పెడతాండాం తల్లీ. మీరుండారనే మాకు ధైర్యం,” అన్నాడు. నేను కూడా పెద్దరికంగా, మా పిల్లలాగే చూసుకుంటామని మాటిచ్చాను. ఆ సమయానికి అది అబద్ధం కాదు.

చక్కటి పిల్ల. మెట్లెక్కి వస్తే చెప్పులు వరుసగా విడిచేది. నాకు ఫ్లూ జ్వరం వస్తే రాగి జావ కాచి, అందులో ఉల్లిపాయ ముక్కలు వేసి తెచ్చింది. మా వైపు జావలో ఉల్లిపాయ వెయ్యరని నేను చెప్పాను, జ్వరంలో కూడా. పురుగుల కబుర్లు చెప్పేది: కుబుసం విడిచే నాలుగో నిద్ర నుంచి లేచాక అవి ఆకు నములుతుంటే ఇంట్లో వాన పడుతున్న చప్పుడొస్తుందని, గూళ్ళు కట్టడానికి చంద్రికలనే వెదురు తట్టల మీదకి ఎక్కించే రోజుల్లో ఇంటిల్లిపాదికీ అన్నం తినే తీరిక ఉండదని. పట్టుచీరలు బీరువా నిండా పెట్టుకున్న నేను ఆ చప్పుడు గురించి అంతవరకు వినలేదు.

ఆ చలికాలం పెద్దాయన కూతురి దగ్గరకు వెళ్తూ, ఇంటి తాళం మాకిచ్చి, వసంతంలో కంచె కొమ్మలు నడిచే దారి మీదకు వాలితే కాస్త కత్తిరించమన్నాడు. మే నెలలో వస్తానన్నాడు. మంచు కరిగిన ఏప్రిల్ మొదట్లో కొమ్మలు నిజంగానే దారికి అడ్డం వచ్చాయి. ఒక ఆదివారం మేమిద్దరం నగరానికి ఆ చివర ఎటోబికోలో ఒక పెళ్ళికి బయల్దేరుతూ, కింది అమ్మాయి ఇంట్లోనే ఉందని తెలిసి, “ఖాళీగా ఉంటే పక్కింటి కంచె కాస్త కత్తిరించమ్మా, గరాజ్‌లో రంపం, కత్తెర అన్నీ ఉన్నాయి,” అన్నాను. ‘అట్లే ఆంటీ’ అంది. ‘కాస్త’ అంటే మా వైపు ఎంతో, వాళ్ళ వైపు ఎంతో నేను అడగలేదు. మల్బరీ తోటలో పెరిగిన పిల్ల చేతికి రంపం ఇస్తున్నానన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

సాయంత్రం కారు మా వీధిలోకి తిరిగేసరికి మొదట ఇల్లు తప్పు వచ్చామనుకున్నాను. రెండు డ్రైవ్‌వేల మధ్య ఏమీ లేదు. పన్నెండు దుబ్బులూ నేలకు జానెడు ఎత్తున వరుసగా మొద్దులై ఉన్నాయి. ముందు గడ్డి మీద ఎర్రకొమ్మల గుట్ట. పక్కన ఆ అమ్మాయి, చేతులకు నా గిన్నెలు తోమే గ్లోవ్స్, మొహం నిండా సంతోషం. మేం మెచ్చుకుంటామని ఎదురుచూస్తూ నిలబడింది. మా ఆయన కారు ఆపి, “గోటితో పోయేదానికి గొడ్డలి పెట్టింది,” అని మెల్లగా అన్నాడు. నేను దిగుతూనే ఏం చేశావే అని అరిచాను. “కొంచెం కొంచెం కొడితే మొద్దుబారిపోతాది ఆంటీ. కొడితే మొదలుకే కొట్టాల. మా తోటలో అట్లనే కొడతాం,” అంది, నా గొంతు ఇంకా అర్థం కాక.

ఇరవై ఏళ్ళ ఇరుగుపొరుగు, తాళం చేతిలో పెట్టి వెళ్ళిన మనిషి, బుల్డోజర్ ముందు నుంచి తెచ్చుకున్న కంచె, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. కత్తిరించమన్నది నేనేనన్న సంగతి ఒక్కటే తిరగలేదు. “మీ కరువు సీమలో పచ్చని చెట్టు కనపడితే నరకడమేనా మీకు తెలిసింది? మా వైపు పిల్లలైతే కొమ్మ విరవాలన్నా చెట్టును అడుగుతారు!” అన్నాను. మా వైపు పిల్లలు ఏ చెట్టునూ ఏదీ అడగరు. మామిడికాయల కోసం రాళ్ళు వేస్తారు. ఆ పిల్ల మొహంలో సంతోషం పోవడం నేను కళ్ళారా చూశాను. చూసి కూడా ఆగలేదు. “మళ్ళీ వస్తాది ఆంటీ. రెణ్నెల్లు చూడండి,” అంది నేల వంక చూస్తూ. “రెండు నెలలు చూడ్డానికి నువ్వు ఇక్కడుండవు. నెలాఖరుకు రూమ్ ఖాళీ చెయ్,” అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు తీసుకోవాలన్న బుద్ధి కూడా ఆ నెలంతా పుట్టలేదు. ‘నువ్వే కదా కత్తిరించమన్నావు’ అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు ఆయనతోనూ మాటలు మానేశాను. ఆ పిల్ల గొడవ పెట్టుకోలేదు, బతిమాలుకోలేదు. కొమ్మల గుట్ట తనే ఎత్తేసింది. నెలాఖరు కన్నా వారం ముందే ఎటోబికోలో స్నేహితురాలి గదిలో చోటు దొరికిందని, అక్కడే వేర్‌హౌస్‌లో పని చూసుకున్నానని చెప్పి, రెండు సూట్‌కేసులు తీసుకుని వెళ్ళిపోయింది. అక్కడ్నించి తన కాలేజీకి ట్రైనూ బస్సులూ కలిపి రెండున్నర గంటల ప్రయాణం. ఆ సంగతి నాకు తెలుసు. వెళ్ళేముందు బేస్‌మెంట్ ఎంత శుభ్రంగా తుడిచిందంటే, తిట్టుకోవడానికి నాకొక మరక కూడా మిగల్లేదు.

పెద్దాయన మే మొదటి వారంలో దిగాడు. ఆయన కారు ఆగగానే నేను పరుగున వెళ్ళి, అడగకముందే, ఈ ఏడు కుందేళ్ళు మరీ ఎక్కువయ్యాయని, కంచె మొత్తం కొరికేశాయని చెప్పాను. ఇది పూర్తి కట్టుకథేం కాదు. ఇక్కడి కుందేళ్ళు చలికాలంలో ఈ కొమ్మల్ని కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరికేస్తాయని ఆయనే ఒకసారి చెప్పాడు. పెద్దాయన ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు, చాలా మెల్లగా గడ్డి మీద ఆనించి, ఒక మొద్దును వేలితో తడిమాడు. మొద్దు చుట్టూ అప్పటికే ఎర్రటి చిగుళ్ళు గుచ్చి గుచ్చి పైకి వస్తున్నాయి. ఇంత లావు కొమ్మను కొరికే కుందేలు ఉంటే తనకూ ఒకటి పెంచుకోవాలని ఉందన్నాడు. ఇక దాచలేక ఎవరు కొట్టారో చెప్పేశాను. నేను ఏమన్నానో మాత్రం చెప్పలేదు.

ఆయన కోప్పడతాడని ఎదురుచూశాను. ఈ ఏడు పూలుండవు, పాత కొమ్మకే పూస్తుంది, కాయలుండవు, పిట్టలు రావు అని చిన్నబుచ్చుకున్న మాట నిజమే. ఆ వేసవంతా పొద్దున్నే కిటికీ దగ్గర కాఫీ పట్టుకుని నిలబడి, రాని పిట్టల కోసం చూసేవాడు. కాని ఆ రోజు మోకాళ్ళ మీదే ఉండి ఇంకోమాట చెప్పాడు. కొత్త కొమ్మకే ఎరుపు. రెండు మూడేళ్ళు దాటితే బెరడు కట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. ముసలి దుబ్బును వసంతానికి ముందు, చిగురు విచ్చకముందు నేలకంటా కొట్టెయ్యాలని తనకు పదేళ్ళుగా తెలుసు. కత్తెర పట్టుకుని ఏటా వెళ్ళేవాడు, చేతులు రాక తిరిగొచ్చేవాడు. ఇది పని తెలిసిన చెయ్యి అన్నాడు. ఆ అమ్మాయిని పిలువు, మాట్లాడాలి అన్నాడు. రూమ్ మారింది అన్నాను. ఎందుకని అడిగితే, కాలేజీకి దగ్గరని చెప్పాను. అడుసు తొక్కడం మొదలుపెట్టాక ఇంకొక్క అడుగు ఎంతసేపు!

జూన్‌లో ఒకరోజు మా ఆయన వెనక పెరట్లోంచి నన్ను కేకేశాడు. మా ఇంటి కప్పు మీది వాన నీళ్ళు గొట్టంలోంచి దిగి ఫెన్స్ పక్కన నిలుస్తాయి. అక్కడ గడ్డి తప్ప ఏదీ బతకదని ఎన్నడో వదిలేసిన చోటు. ఆ తడినేలలో బారెడు పొడుగు వరుసలు అయిదు, తాడు పట్టి గీసినట్టు తిన్నగా. వరుసకు జానెడేసి ఎడంతో పుల్లలు, ఒక్కో పుల్లకు పైన రెండేసి జతల ఆకులు. ఒక ఆకు తుంచి మెల్లగా చింపాను. తెల్లటి దారాలు పట్టుకుని కింది ముక్క వేలాడింది. మల్బరీ కొట్టిన రోజు కొమ్మ పారెయ్యరట, ముక్కలు కోసి కొత్త మడి నాటుకుంటారట. నేను నోరు చేసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాక, ఆ గుట్ట ఎత్తేస్తూ, రూమ్ ఖాళీ చెయ్యమన్న ఇంటి పెరట్లో ఆ పిల్ల అవి నాటి వెళ్ళింది. లెక్కపెడితే నలభై దాకా ఉన్నాయి. పుల్ల గుచ్చితే చిగురేస్తుందని ఇరవై ఏళ్ళు అందరికీ చెప్పుకున్న దాన్ని నేను. మా ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి, పారతో గడ్డి తియ్యడం మొదలుపెట్టాడు. నేను అక్కడే గొట్టం పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ‘పెద్దాయన నిన్ను చూడాలంటున్నాడు’ అన్నానే గాని, నేను చూడాలనుకుంటున్నానని అనలేకపోయాను. ఆదివారం వచ్చింది. కంచె అప్పటికి మోకాలెత్తు లేచింది. పెద్దాయన ఆకు పరీక్ష చూపించాడు, నాడె చూపించాడు. “అయ్యో, నాడె! మా పక్క ఊర్లో మగ్గాలోళ్ళ ఇండ్లల్లో ఇట్లాంటివే ఉంటాయి సర్,” అని తెలుగులోనే అనేసి, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. దానికి బదులుగా ఆ అమ్మాయి ఆయనకు ముక్క కోసే పద్ధతి నేర్పింది: పుల్ల అడుగున ఏటవాలుగా, పైన తిన్నగా కొయ్యాలి, అప్పుడు ఎవరి చేతికి వెళ్ళినా తలకిందులుగా నాటరు. ఏటా కొడితే దుబ్బు నీరసిస్తుంది, మా ఊర్లో అయితే ఎరువేసి నీళ్ళు పెడతాం కాబట్టి తట్టుకుంటాది, ఇక్కడ మూడో వంతే కొట్టండి, అప్పుడు పూలూ ఉంటాయి అంది. తప్పు ఒప్పుకున్నంత నెమ్మదిగా చెప్పిందా మాట. తప్పు ఒప్పుకోవాల్సిన మనిషిని నేను పక్కనే గోంగూర పప్పు, పులిహోర, వంకాయ కూర ఉన్న డబ్బాల సంచి పట్టుకుని నిలబడ్డాను. మనవాళ్ళలో పెద్దవాళ్ళకు క్షమించమనడం చేతకాదు, వండి పెట్టడమే చేతనవుతుంది. ఆ పిల్ల డబ్బాలు తీసుకుంది, తర్వాతిసారి కడిగి తెచ్చింది. మా ఇంట్లో ఉండడానికి మాత్రం తిరిగి రాలేదు. నేను అడిగాను, “పర్లేదు ఆంటీ, ఆడ అలవాటైపోయింది,” అంది.

తర్వాత రెండేళ్ళు ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున్నే వచ్చేది. పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని ఏ కొమ్మ తియ్యాలో చేతికర్రతో చూపించేవాడు, ఆ పిల్ల కొట్టేది. పూలు వచ్చాయి, పిట్టలూ వచ్చాయి. ఆ చలికాలాల్లో మా కంచె ఎంత ఎర్రగా ఉండేదంటే, దారిన పోయేవాళ్ళు కారు ఆపి ఫోటోలు తీసుకునేవారు. తర్వాత పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, త్వరగా వస్తుందని ఆ అమ్మాయి వేరే రాష్ట్రంలోని సస్కటూన్ వెళ్ళిపోయింది, అక్కడ ఉద్యోగం దొరికింది. ఆ ఏడే పెద్దాయన్ని కూతురు వచ్చి తీసుకెళ్ళింది, ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు మంచివాళ్ళే, మనవాళ్ళే. నాలుగు కార్లున్న కుటుంబం. ఈ ఏప్రిల్‌లో మంచు కరగ్గానే డ్రైవ్‌వే వెడల్పు చేయించడానికి ఒక చిన్న మిషను తెప్పించారు. పన్నెండు దుబ్బులూ ఒక్క పూటలో వేళ్ళతో సహా లేచిపోయాయి. బుల్డోజరు చివరికి వచ్చిందన్నమాట, కాస్త ఆలస్యంగా.

ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, ఒక్క దుబ్బు కూడా మిగల్లేదా అని అడిగింది. తర్వాత, “మీ ఇంటెనక ఉండేవి ఉన్నాయా ఆంటీ?” అంది. నా నడుం దాటి ఉన్నాయన్నాను. “అయితే నాకు పది ముక్కలు పంపించండి. ఈడ ఇల్లు తీసుకుంటున్నా, ముందర తడినేల ఉంది,” అంది. అక్కడ దొరకవా అన్నాను. “యాల దొరకవు, ఈడ కాలువల పక్క ఎక్కడ జూసినా ఇవే. అవి నేను కొట్టినవి కాదు గదా ఆంటీ.”

కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఎర్రగా, పెన్సిలంత లావుగా ఉన్న పది కొమ్మలు ఎంచి, అడుగు ఏటవాలుగా, పైన తిన్నగా కోశాను. తడి పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అట్టపెట్టెలో సర్దాను. పెట్టె అంటించబోతూ ఆగాను. ఒక చీటీ తీసి రాశాను. ఫోన్‌లో అనలేని మాట, మూడేళ్ళుగా ఎన్ని డబ్బాల గోంగూరలో పెట్టి పంపినా చేరని మాట: ‘ఆ రోజు మీ సీమ గురించి నేనన్నది తప్పు. మొక్క గురించీ తప్పే, మనిషి గురించీ తప్పే. కత్తిరించమన్నది నేనే. నన్ను క్షమించమ్మా.’ అది రాయడానికి నాకు ఒక పూట పట్టింది.

వారానికి ఫోన్ వచ్చింది. “కర్రలు అందినాయి ఆంటీ. ఒక్కటి గూడా ఎండలేదు. చీటీ గూడా చదివినా.” నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. “మీరు పొమ్మన్నందుకు నాకు బాధ లేదు ఆంటీ. మా సీమను అన్న ఆ మాటకే ట్రైన్లో ఏడ్సుకుంటా పోయినా. మా నాయనకు మాత్రం సెప్పలేదు. కాలేజీ దూరమని నేనే మారినా అన్నా. ఆయన ఇప్పుటికీ ఫోన్ చేసినప్పుడల్లా, ఆ తల్లి బాగుందా అని మిమ్మల్ని అడుగుతాడు.” తలపాగా చేతిలో పట్టుకున్న ఆ మనిషి నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించాడు. ఆయనకిచ్చిన మాట నేను తప్పాను. ఆ సంగతి ఆయనకు తెలియకుండా మూడేళ్ళుగా ఆయన బిడ్డ నా తరఫున కాపు కాసింది. బాగున్నానని చెప్పమ్మా అని మాత్రం అనగలిగాను.

షాపులో నవ్వుకుని ఇంటికొచ్చి సంచులు దించుతుంటే ఫోన్ మోగింది. సస్కటూన్ నుంచి ఫోటో. పిక్కల లోతు మంచు, అందులోంచి పది చోట్ల జానెడు జానెడు ఎర్రపుల్లలు, ఈ ఏడు లేచిన కొత్త కొమ్మలు. కింద, ‘పదికి పది బతికినాయి ఆంటీ’ అని రాసింది. ఫోటో మా ఆయనకు చూపించి, కిటికీ దగ్గరకు వెళ్ళి మా పెరటి వరుసలు చూశాను. కొత్త కొమ్మలు ఎర్రగా ఉన్నాయి. నేను కొట్టడానికి చేతులు రాక వదిలేసిన పాతవి బూడిదరంగుకు తిరుగుతున్నాయి. నేనన్న ఆ ఒక్క మాట మటుకు మూడు చలికాలాలు గడిచినా నాలో కొత్తకొమ్మలా ఎర్రగానే ఉండింది. ఈ ఏడే మొదటిసారి దానికీ కాస్త బెరడు కట్టింది, కాలం దాని రంగునూ తగ్గించడం మొదలుపెట్టింది.